వెనక లేబుల్ నుంచి ముందుకు: సహజ చర్మ సంరక్షణ ఉత్పత్తుల ప్యాకింగ్, ప్రకటనల కథ

వేపాకు సబ్బు, కలబంద జెల్, పసుపు క్రీమ్, ఏది తీసుకున్నా ముందు వైపు ఒక ఆకు బొమ్మ ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో ఒక జాబితా ఉంటుంది. ముందున్నది డిజైనర్ గీసింది. వెనకున్నది ఫార్ములా తయారుచేసినవాళ్లు రాసిచ్చింది, చట్టం అడిగింది. చాలా చోట్ల ఈ రెండు పనులు చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పేరు, రంగు, బొమ్మ, నినాదం ఖరారయ్యాక మిగిలిన జాగాలో జాబితాను ఇరికిస్తారు. తర్వాత డ్రగ్ ఇన్‌స్పెక్టర్ అడిగినా, కొన్న మనిషి అడిగినా జవాబు దొరకదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సహజ ఉత్పత్తులకు డిజైన్ పని వెనక లేబుల్ దగ్గర మొదలవ్వాలి. లోపల ఏముంది, ఎంతుంది, అది దేనివల్ల పాడవుతుంది అన్నవి తేలాకే ఏ సీసా, ఏ రంగు, ఏ మాట అన్నది తేలుతుంది. ఈ వ్యాసం కోసం ఒక చిన్న శ్రేణిని ఊహించుకుందాం: సున్నిపిండి, కలబంద జెల్, నువ్వుల నూనెతో చేసిన ఫేస్ ఆయిల్. మన ఊళ్లలో మహిళా సంఘాలు గానీ, హైదరాబాద్‌లో కొత్తగా పెట్టిన చిన్న కంపెనీలు గానీ ఎక్కువగా మొదలుపెట్టేది ఇలాంటి వాటితోనే.

శాతంలో నీళ్ల వాటా

ముందు "సహజం" అన్న మాట సంగతి. మన దేశంలో సౌందర్య ఉత్పత్తులకు వర్తించేది 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద వచ్చిన 2020 కాస్మెటిక్స్ నియమాలు. ఇంత శాతం మొక్కల పదార్థం ఉంటేనే సహజం అనాలి అన్న హద్దు వాటిలో లేదు. అంటే ఆ మాటను ఎవరైనా ముద్రించుకోవచ్చు. తప్పుదోవ పట్టించకూడదన్న సాధారణ నియమం మాత్రం అందరికీ వర్తిస్తుంది.

అలాంటప్పుడు సీసాల మీద "98 శాతం సహజ మూలం" అని ఎలా వస్తోంది? ఎక్కువగా ఐఎస్ఓ 16128 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్క నుంచి. ఒక్కో పదార్థానికి సహజ మూలం ఎంత అని సూచీ వేసి, మొత్తం కూడి శాతం తీస్తారు. ఈ లెక్కలో నీరు సహజ పదార్థమే. ఒక జెల్‌లో 85 శాతం నీళ్లే ఉంటే, ఆ 85 శాతం నేరుగా సహజం ఖాతాలో పడుతుంది. లెక్కను నీళ్లు కలిపీ, కలపకుండానూ రెండు రకాలుగా వేసుకోవచ్చని ప్రమాణమే చెబుతుంది. సీసా మీదికి వచ్చేది ఏ అంకె అన్నది ఊహించడం కష్టం కాదు. ఇంకో విషయం, లేబుల్ మీద ఏం చెప్పుకోవాలన్నది తన పరిధిలో లేదని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది. అది పదార్థాల లెక్కకే గానీ ప్రచారానికి పుట్టలేదు.

ఐరోపాలో ఐదు సంస్థలు కలిసి పెట్టిన కాస్మోస్ ప్రమాణం దీనికంటే గట్టిది. సేంద్రియం అని చెప్పుకోవాలంటే పూసుకుని వదిలేసే ఉత్పత్తి మొత్తంలో కనీసం 20 శాతం సేంద్రియ పదార్థం ఉండాలి. కడిగేసేవాటికైతే 10 శాతం. నీరు సేంద్రియం కిందికి రాదు. అందుకే విదేశాలకు పంపాలనుకునేవాళ్లు ఆ ముద్ర కోసం డబ్బు పెడతారు. ఇక్కడే అమ్ముకునే చిన్న సంస్థకు అది భారమే. కానీ ఆ పద్ధతిలో ఆలోచించడానికి ఖర్చేమీ లేదు. "నీళ్లు కాకుండా మిగిలినదాంట్లో ఇంత" అని రాస్తే అంకె చిన్నదవుతుంది, కానీ అడిగినవాళ్లకు సమాధానం చెప్పగలం.

వెనక జాబితా చదవడం తెలిస్తే ముందు బొమ్మ ఎంత నిజమో కొంతవరకు పట్టేయవచ్చు. ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాయవచ్చు. ఇప్పుడు ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు పాడవకుండా కాపాడే పదార్థం, సంగతి చూడండి. దాన్ని ఒక శాతానికి మించి వాడకూడదని ఐరోపా నియమం, మన దగ్గరా సాధారణంగా ఆ హద్దులోనే వాడతారు. కాబట్టి జాబితాలో ఫినాక్సీఇథనాల్ తర్వాత కుంకుమపువ్వు, చందనం, గులాబీ కనిపిస్తే అవన్నీ ఒక శాతమో, అంతకంటే తక్కువో. ముందు వైపు డబ్బా నిండా కుంకుమపువ్వు పరిచి ఉన్నా సరే. పదార్థం కొంచెమే ఉండటం తప్పు కాదు. కొన్ని సారాలు కొద్దిగా ఉన్నా పనిచేస్తాయి. కొంచెం ఉన్నదాన్ని డబ్బాలో సగం బొమ్మగా వేయడం తప్పు. బొమ్మ కూడా మాట ఇచ్చినట్టే.

కలబంద జెల్ దీనికి మంచి ఉదాహరణ. మట్టను చీల్చితే వచ్చే గుజ్జు రంగు లేనిది, దాదాపు నీళ్లలా ఉంటుంది. కొట్లో కనిపించే జెల్‌లలో చాలావరకు పచ్చగా మెరుస్తుంటాయి. జాబితా చివర సీఐ 19140, సీఐ 42090 అన్న అంకెలు ఉంటే, మొదటిది టార్ట్రజిన్ పసుపు, రెండోది బ్రిలియంట్ బ్లూ. రెండూ కలిస్తే ఆకుపచ్చ. అనుమతి ఉన్న రంగులే, వాడటం నేరం కాదు. కానీ పచ్చదనం కావాలంటే దాన్ని ట్యూబు మీద, మూత మీద వేసుకోవచ్చు. లోపలి జెల్‌ను రంగు లేకుండా వదిలేసి, "గుజ్జు సహజంగా రంగు లేనిదే" అని ఒక వాక్యం రాస్తే ఆ వాక్యమే ప్రకటన అవుతుంది.

లేనివాటి జాబితా

సహజ శ్రేణి అనగానే ముందు వైపు వచ్చే రెండో రకం మాటలు: కెమికల్ ఫ్రీ, పారాబెన్ ఫ్రీ, సల్ఫేట్ ఫ్రీ, క్రూయెల్టీ ఫ్రీ. మొదటిది అసాధ్యం. నీరూ రసాయనమే, పసుపులోని కర్క్యుమినూ రసాయనమే. చివరిది మన దేశంలో తయారైనదానికి ప్రత్యేక గొప్ప కాదు. సౌందర్య ఉత్పత్తులను జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లోనే నిషేధించారు, అదే ఏడాది అలా పరీక్షించినవాటి దిగుమతినీ ఆపేశారు. చట్టం అందరి చేత చేయించేదాన్ని మన సుగుణంగా చెప్పుకోవడం కొనేవాళ్లను తక్కువ అంచనా వేయడమే.

పారాబెన్ కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రకటనల భయం ఫార్ములాను ఎటు తోస్తుందో అందులో కనిపిస్తుంది. పారాబెన్‌లు ఒక రకం ప్రిజర్వేటివ్‌లు. వాటి మీద అనుమానాలు పెరిగాక చాలా కంపెనీలు వాటిని తీసేసి, తీసేశామని డబ్బా మీద వేసుకున్నాయి. నీళ్లున్న ఉత్పత్తికి ఏదో ఒక ప్రిజర్వేటివ్ తప్పదు కదా. కొందరు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్ వైపు వెళ్లారు. ఐరోపాలో దానివల్ల చర్మ అలర్జీలు విపరీతంగా పెరిగాయి. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్నే ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. పూసుకుని వదిలేసే ఉత్పత్తుల్లో దాని వాడకాన్ని ఐరోపా 2017 నుంచి ఆపేసింది. అదే సొసైటీ 2019లో పారాబెన్‌లను "అలర్జీ కాని" పదార్థంగా ఎంచుకుంది. అలర్జీల లెక్కలో చూస్తే, భయపెట్టి తీయించినదానికంటే దాని చోట వచ్చిందే చర్మాన్ని ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు ఐరోపా మార్గదర్శకాలు, చట్టం అనుమతించిన పదార్థాన్ని కించపరిచేలా "ఇది లేదు" అని రాయడాన్ని వద్దంటున్నాయి. మన శ్రేణికి కూడా ఇదే పాటించమంటాను. ఏ ప్రిజర్వేటివ్ వాడారో, ఎందుకు వాడారో రాయండి. సోడియం బెంజోయేట్ వాడితే, జెల్ పులుపుదనం సరిగా ఉంటేనే అది పనిచేస్తుందని తెలిసినవాళ్లు ఫార్ములా చేశారని కూడా అర్థమవుతుంది.

సహజమైనదంతా సురక్షితం అన్న భావన కూడా ఈ లేనివాటి జాబితాలోంచే పుడుతుంది. నిమ్మ తొక్క నుంచి తీసిన కోల్డ్ ప్రెస్డ్ నూనె పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు. లావెండర్, నారింజ నూనెల్లో ఉండే లినలూల్, లిమొనీన్ గాలి తగిలేకొద్దీ అలర్జీ తెచ్చే రూపంలోకి మారతాయి. మూత సరిగా పట్టని సీసా ఒక అలర్జీ సమస్య కూడా అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక్కడి నుంచి ప్యాకింగ్‌లోకి వద్దాం.

మూడు వస్తువులు, ముగ్గురు శత్రువులు

సున్నిపిండికి శత్రువు తేమ. పెసలు, బియ్యం, కస్తూరి పసుపు, ఎండిన గులాబీ రేకులు, బావంచాలు, ఏవి కలిపినా పొడి పొడిగా ఉన్నంతకాలం ప్రిజర్వేటివ్ అవసరం రాదు. అదే దాని బలం. ఆ బలాన్ని ప్యాకింగే చెడగొడుతుంది. సహజంగా కనిపించాలని ఉత్త క్రాఫ్ట్ కాగితం కవర్‌లో పోస్తే, కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో ఆ కాగితం గాలిలోని తేమను లోపలికి వదులుతుంది. పిండి గడ్డ కడుతుంది, బూజు పడుతుంది, పురుగు పడుతుంది. వెడల్పు మూతి డబ్బా ఇంకా ప్రమాదం. స్నానాల గదిలో తడి చెయ్యి నేరుగా లోపలికి వెళుతుంది. కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని లేబుల్ మీద రాస్తే చాలదు, వాళ్ల చెయ్యి లోపలికి పోకుండా చేయాలి. పౌడర్ డబ్బాలాగా చిల్లుల మూతతో చల్లుకునేది, లోపల ఇండక్షన్ సీల్ (మూతి మీద వేడితో అతికించే రేకు పొర) ఉన్నది, చిన్న సైజు, ఇదీ సున్నిపిండికి తగిన రూపం. పెద్ద పొట్లం కావాలంటే లోపల తేమ చొరని పొర ఉన్న జిప్ పౌచ్, దాంతోపాటు స్నానాల గదికి ఒక చిన్న డబ్బా. పొట్లంలోంచి డబ్బాలోకి నింపుకోవడం మన ఇళ్లలో కొత్త అలవాటేమీ కాదు.

కలబంద జెల్‌కు శత్రువు సూక్ష్మజీవి. నీళ్లు ఎక్కువున్నచోట బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. ప్రిజర్వేటివ్ సరిపోతుందా లేదా అని చూడటానికి చాలెంజ్ టెస్ట్ అని ఒకటి ఉంది. కావాలనే సూక్ష్మజీవులను జెల్‌లో వేసి, అవి రోజురోజుకీ ఎంత తగ్గుతున్నాయో లెక్కపెడతారు. అది ప్రయోగశాలలో ఒకసారి జరిగేది. ఇంట్లో రోజూ వేళ్లు పెట్టడం రోజూ జరిగేది. నోరు తెరిచిన జార్ కంటే ట్యూబు, పంపు మేలు అనడానికి కారణం ఇదే. ఎయిర్‌లెస్ పంపు అన్నిటికంటే బాగా కాపాడుతుంది. కింద పిస్టన్ పైకి జరుగుతూ జెల్‌ను బయటికి తోస్తుంది, గాలి వెనక్కి పోదు. కానీ దానిలో రెండు మూడు రకాల ప్లాస్టిక్, కొన్నిటిలో లోహపు స్ప్రింగ్ కలిసి ఉంటాయి కాబట్టి తుక్కుగా మారాక విడదీయడం కష్టం, ఖరీదూ ఎక్కువే. చిన్న సంస్థకు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన మామూలు ట్యూబు సరైన ఎంపిక అని నా అభిప్రాయం. జెల్‌ను చూపించాలని పారదర్శక సీసా పెట్టడం చాలామంది చేసే పని. చూపించే గుణం అమ్మకానికి పనికొస్తుంది, కానీ కొట్టు ముందు ఎండ పడే అరలో అదే సీసా రంగును, వాసనను మార్చేస్తుంది.

నూనె సంగతి ఇంకోరకం. నీళ్లు లేవు కాబట్టి సూక్ష్మజీవుల భయం తక్కువ. గాలి, వెలుతురు, వేడి దాన్ని పాతబడేలా చేస్తాయి. నువ్వుల నూనెలో సహజంగానే పాడవకుండా కాపాడే పదార్థాలున్నాయి కాబట్టి మిగతా నూనెలతో పోలిస్తే అది ఓర్చుకుంటుంది. అయినా ముదురు గోధుమరంగు ఆంబర్ గాజు తప్పనిసరి. నీలి గాజు అందంగా ఉంటుంది గానీ అతినీల లోహిత కిరణాలను ఆపడంలో ఆంబర్‌కు సాటి రాదు. డ్రాపర్ మూత ఇప్పుడు ఫ్యాషన్. తీసిన ప్రతిసారీ కొత్త గాలి లోపలికి పోతుంది, గాజు గొట్టం చర్మానికి తగిలి మళ్లీ నూనెలో మునుగుతుంది, రబ్బరు బుడ్డి సుగంధ తైలాలకు ఉబ్బి జిగురు పడుతుంది. చుక్క చుక్కగా పడేలా లోపల ప్లాస్టిక్ ప్లగ్ ఉన్న మామూలు మూత దానికంటే మంచిది, చవకది కూడా. కొబ్బరి నూనె కలిపితే మరో విషయం గుర్తుంచుకోవాలి. అది 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. ఆదిలాబాద్ చలికాలంలో సీసాలో తెల్లగా పేరుకుంటే కల్తీ అనుకుని తిరిగి పంపేస్తారు. "చలికి గడ్డ కట్టడం సహజం, గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది" అన్న వాక్యం ముందు నుంచీ లేబుల్ మీద ఉండాలి.

ఈ మూడింటినీ పరీక్షించేటప్పుడు చాలామంది మరిచేది ఒకటుంది. మూడు నెలలు 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో ఉంచి చూసే పరీక్షను ప్రయోగశాల బీకరులో కాదు, అమ్మబోయే అసలు సీసాలోనే చేయాలి. ప్లాస్టిక్ సుగంధాన్ని పీల్చేసుకోవచ్చు, మూత లోపలి అట్ట నూనెను పీల్చవచ్చు, లేబుల్ జిగురు కరిగి స్టిక్కర్ జారిపోవచ్చు. విజయవాడ మే నెల ఎండలో మూసి ఉన్న కొరియర్ వ్యాన్‌లో పార్శిల్ గడిపే వేడి తక్కువేమీ కాదు.

అలంకరణా, ఔషధమా

శుభ్రం చేయడానికి, అందంగా కనిపించడానికి, రూపం మార్చడానికి ఒంటికి పూసుకునేది చట్టం దృష్టిలో కాస్మెటిక్. జబ్బు నయం చేస్తానంటే అది ఔషధం. ఈ గీతను దాటించేది సీసాలో ఉన్న పదార్థం ఒక్కటే కాదు, సీసా మీద ఉన్న మాట కూడా. అదే వేపనూనెను "చర్మం శుభ్రంగా, తాజాగా ఉంటుంది" అంటే కాస్మెటిక్. "ఎగ్జిమా తగ్గిస్తుంది" అంటే ఔషధ వాదన. బొల్లిలాంటి జబ్బుల విషయంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకటనలనే నిషేధిస్తుంది.

కాస్మెటిక్‌గా అమ్మడం ఒక దారి. రెండో దారి ఆయుర్వేద లైసెన్సు. ఆ దారిలో లేబుల్ మీద మూలికల శాస్త్రీయ నామాలు, పరిమాణాలు రాయాలి, తయారీ పద్ధతికి ఆధారం చూపాలి. ఏ దారిలో వెళ్లాలన్నది పేరు పెట్టకముందే తేలాలి, ఎందుకంటే లేబుల్ అమరిక, ఖాళీ స్థలం, అనుమతి ఉన్న మాటలు అన్నీ మారిపోతాయి. ఇది చిన్న విషయం కాదని వికో పసుపు క్రీమ్ చరిత్ర చెబుతుంది. అది ఆయుర్వేద ఔషధమా, కాస్మెటిక్కా అన్న పన్ను వివాదం దశాబ్దాలు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తమది కాస్మెటిక్ కాదు అన్నదాన్నే ఆ కంపెనీ తన ప్రకటనలకు ఆయువుపట్టుగా చేసుకుంది. వ్యాపార నిర్ణయం, చట్టపరమైన వాదన, ప్రచారం ఒకే మాట మీద నిలబడిన అరుదైన సందర్భం అది.

కాస్మెటిక్ దారైతే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి కాస్-8 ఫారంలో లైసెన్సు కావాలి. సొంత ఫ్యాక్టరీ లేనివాళ్లు లైసెన్సు ఉన్నచోట తయారు చేయించుకోవడానికి కాస్-9 ఉంది. వంటింట్లో కలిపి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం ఎంత మంచి మనసుతో చేసినా చట్టం ఒప్పుకోదు. లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో నెల, ఏడాది ఉండాలి. తూనికలు కొలతల నియమాల ప్రకారం ఎమ్మార్పీ, నికర పరిమాణం, ఫిర్యాదు చేయడానికి వివరాలు కూడా కావాలి. ఇవన్నీ 30 మిల్లీలీటర్ల సీసా చుట్టూ పట్టాలి. కాబట్టే వెనక నుంచి మొదలుపెట్టమనేది. ముందు ఈ వివరాలకు చదవగలిగే సైజులో చోటు కేటాయిస్తే, బొమ్మకు ఎంత మిగిలిందో తేలుతుంది. మిగలకపోతే సీసాకు అట్టపెట్టె కావాలి, లేదా సీసా సైజు మారాలి.

ప్రకటనలో ఎవరి ముఖం

చర్మానికి సంబంధించిన ప్రకటన మన దగ్గర ఎప్పుడూ రంగు దగ్గరికి వెళ్లి ఆగుతుంది. పెళ్లి సంబంధాల్లో అమ్మాయి రంగు అడిగే సమాజంలో ఈ వ్యాపారం అర శతాబ్దం సాగింది. 1975లో మొదలైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా మారింది. రంగు తక్కువగా ఉన్నవాళ్లను ఉద్యోగం రానివాళ్లుగా, దిగులుగా చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పేర్లు మారాయి. కానీ "గ్లో", "బ్రైట్", "కాంతి" అన్న మాటల పక్కన ముఖం నాలుగు ఛాయలు తేలికవుతూ పోయే బొమ్మ వేస్తే అమ్ముతున్నది పాత సరుకే. సహజ ఉత్పత్తుల వాళ్లకు ఈ విషయంలో బాధ్యత ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను. సున్నిపిండి పేరుతో పసిబిడ్డ రంగు గురించి మాట్లాడే ప్రకటన ఒక ఇంట్లో తరతరాల బాధను మళ్లీ రాజేస్తుంది. చామనచాయ, నలుపు ఒంటి రంగు ఉన్న మనుషులను, మెరుగులు దిద్దని ఫొటోలతో, వాళ్లు మారాల్సిన అవసరం ఉన్నట్టు కాకుండా చూపిస్తే చాలు. మొదటి ఫొటో మసక వెలుతురులో, రెండోది పూర్తి వెలుతురులో తీసిన "ముందు, తర్వాత" జంటలు వద్దే వద్దు.

ఇక మాటలు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంస్థ సీసీపీఏ తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. ప్రచారం చేసినవాళ్లను ఏడాదిపాటు, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ప్రకటనల నుంచి నిషేధించగలదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో తెలుగువాళ్లకు ముఖ్యమైన అంశం ఒకటుంది. ప్రకటన కింద షరతులు చెప్పే గమనిక ఏ భాషలో ఉండాలి? వాదన ఏ భాషలో చేస్తే ఆ భాషలోనే. తెలుగు టీవీ ప్రకటనలో తెలుగులో గొప్పలు చెప్పి, కింద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలతో షరతులు పరుగెత్తించడం కుదరదు. ముందు చెప్పినదాన్ని గమనికలో కాదనడమూ కుదరదు. యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో డబ్బు తీసుకుని గానీ, సరుకు ఉచితంగా తీసుకుని గానీ చేసే వీడియోలో అది ప్రకటన అని స్పష్టంగా చెప్పాలని ఆస్కీ 2021 నుంచి అడుగుతోంది. "డెర్మటాలజిస్ట్ టెస్టెడ్" అన్న ముద్రకు కూడా విడిగా అర్థం లేదు. పరీక్షించారని చెబుతుందే గానీ ఎంతమంది మీద, ఏ ఫలితం వచ్చిందన్నది చెప్పదు. ఆ రెండూ చెప్పగలిగితేనే వేయాలి.

అయితే ఏం చెప్పాలి? ముడి సరుకు ఎక్కడిది, ఎవరు చేశారు అన్నదానికంటే బలమైన ప్రకటన లేదు. మైసూర్ శాండల్ సబ్బు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంతో చందనం ఎగుమతులు ఆగి మైసూరు సంస్థానంలో నిల్వలు పేరుకుపోతే, 1916లో ప్రభుత్వమే సబ్బు ఫ్యాక్టరీ పెట్టింది. గుండ్రటి అంచుల సబ్బు, నగల పెట్టెను తలపించే డబ్బా, మీద శరభం బొమ్మ. ఆ డబ్బా అంత విలువైనదని చెప్పుకుంది, లోపల నిజంగా చందన తైలం ఉంది. అందుకే శతాబ్దం దాటినా ఆ రూపం పెద్దగా మారాల్సిన పని పడలేదు.

మన శ్రేణికి దుగ్గిరాల పసుపో, నిజామాబాద్ పసుపో వాడితే ఆ పేరు రాయవచ్చు, కొన్న బిల్లు ఉంటేనే. రక్తచందనం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. శేషాచలం కొండల ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణల కింద ఉన్న చెట్టు. ఫేస్‌ప్యాక్ డబ్బా మీద దాని పేరు వేసేముందు ఆ దుంగ చట్టబద్ధంగా అమ్మినదే అన్న పత్రం చేతిలో ఉండాలి. లేకపోతే ఆ పేరు తీసేయడమే సరైన డిజైన్ నిర్ణయం.

పర్యావరణం పేరుతో చెప్పే మాటలు

2024 అక్టోబర్‌లో సీసీపీఏ గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలని ఆధారం లేకుండా చెప్పుకోవడం) మీద విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. "క్లీన్", "గ్రీన్", "ఎకో ఫ్రెండ్లీ" లాంటి మాటలు ఊరికే వాడకూడదు. దేనికి వర్తిస్తుందో, సీసాకా, మూతకా, లోపలి సరుకుకా, అన్నది చెప్పాలి, ఆధారం చూపాలి. వెదురు మూతను విప్పితే లోపల మరలు ఉన్నది ప్లాస్టిక్ గొట్టంలోనే. రెండూ జిగురుతో అతికి ఉంటాయి కాబట్టి తుక్కు ఏరేవాళ్లకు రెండూ పనికిరావు. కంపోస్ట్ అవుతుందనే ప్లాస్టిక్ చాలావరకు పెరటి ఎరువు గుంటలో కరిగిపోదు, దానికి పారిశ్రామిక కంపోస్ట్ వేడి కావాలి. కాగితంలా కనిపించే పౌచ్‌లో అల్యూమినియం, ప్లాస్టిక్ పొరలుంటే అది మల్టీలేయర్ (పొరలు విడదీయడం కష్టమైన) ప్యాకింగ్ కిందికే వస్తుంది. సున్నిపిండికి ఆ పొర అవసరమైతే వాడండి, కానీ దాని మీద చెట్టు బొమ్మ వేయకండి. నల్ల ప్లాస్టిక్ మూతలు ఖరీదైన అందాన్నిస్తాయి, కార్బన్ బ్లాక్ రంగు వల్ల రీసైక్లింగ్ యంత్రాల కంటికి ఆనవు.

తెలుగు అక్షరం, ప్రింటింగ్ ఖర్చు

తప్పనిసరి వివరాలు హిందీలో గానీ, ఇంగ్లీషులో గానీ ఉండాలి. వాటితోపాటు తెలుగు వేసుకోవడానికి అడ్డేమీ లేదు. అయినా మన రెండు రాష్ట్రాల్లో తయారై ఇక్కడే అమ్ముడయ్యే డబ్బాల మీద కూడా వాడే విధానం తెలుగులో కనబడదు. ఎలా వాడాలి, ఎంతసేపు ఉంచాలి, మోచేతి లోపల ముందు పూసి చూసుకోవాలి, కళ్లలో పడితే ఏం చేయాలి, ఈ నాలుగూ తెలుగులో ఉండటం అలంకారం కాదు, భద్రత. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు ఇచ్చిన వరుసల ఎడం దీనికి చాలదు. ఇంగ్లీషు డిజైన్ పూర్తయ్యాక తెలుగును చొప్పిస్తే ఒత్తులు కింది వరసను ఢీకొంటాయి. డీటీపీ షాపులో యూనికోడ్ కాని అను ఫాంట్లతో కంపోజ్ చేసినది ప్రింట్‌కు బాగుంటుంది, అదే పాఠాన్ని వెబ్‌సైట్‌లోకి తెస్తే గందరగోళం అవుతుంది. మొదటి నుంచి అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో పెట్టుకుంటే డబ్బా, క్యూఆర్ కోడ్ వెనక పేజీ, ప్రకటన అన్నిటికీ ఒకే పాఠం పనికొస్తుంది. మండలి, గిడుగు లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి.

ఖర్చు విషయంలో ఒకే సలహా. ప్రింటెడ్ పౌచ్‌కు రంగుకో సిలిండర్ చేయించాలి, వేల సంఖ్యలో ఆర్డర్ ఇవ్వాలి. సొంత అచ్చుతో సీసా చేయించడం ఇంకా భారం. మొదటి ఏడాది ఫార్ములా మారుతుంది, తయారీ చోటు మారవచ్చు, ధర మారుతుంది. అందుకే మార్కెట్లో దొరికే సాదా సీసాలు, సాదా పౌచ్‌లు కొని, డిజిటల్ ప్రింట్ స్టిక్కర్లు తక్కువ సంఖ్యలో వేయించుకోవడం మేలు. పదార్థాల జాబితాలో ఒక్క పేరు మారినా పాత స్టిక్కర్లు చించేయాలి. వేల పౌచ్‌లు గోడౌన్‌లో ఉన్నప్పుడు చించేయడానికి చెయ్యి రాదు, వందల స్టిక్కర్లయితే వస్తుంది.